మూలపడ్డ పాత సీఆర్‌ఓని ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాలిటెక్నిక్కులు, ఇంజనీరింగ్ కాలేజీలు డిజిటల్ స్కోపులకి మారిపోతున్న కొద్దీ పాత సీఆర్‌ఓలు (కేథోడ్ రే ఆసిలోస్కోపులు, అంటే కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే పరికరాలు) స్టోర్ రూముల్లోకి, అక్కణ్ణుంచి పాత ఇనుప కొట్లలోకి చేరుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి కోసం కిలోల లెక్కన కొని, మిగతాది పగలగొట్టేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే వాటిలో చాలావాటికి వచ్చిన జబ్బు చిన్నదే. మురికి పట్టిన స్విచ్చో, ఎండిపోయిన కెపాసిటరో అయి ఉంటుంది. ఒక మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, ఓపిక ఉంటే మీ ఇంట్లో టేబుల్ మీదే దాన్ని మళ్లీ నిలబెట్టొచ్చు.

సీఆర్‌ఓ బాగుచేయడానికి ఇంకో సీఆర్‌ఓ కావాలని చాలామంది అనుకుంటారు. ఉంటే మంచిదే, లేకపోయినా పని జరుగుతుంది. రెండు చానెళ్ల స్కోపులో (ఒకేసారి రెండు సిగ్నళ్లు చూపించేదానిలో) ఒక చానెల్ ఎలా కట్టారో రెండోదీ అచ్చం అలాగే కడతారు. ప్రతి చానెల్ లోపల కూడా ట్రాన్సిస్టర్లు జంటలు జంటలుగానే ఉంటాయి. కాబట్టి ఎక్కడ కొలిచినా, పోల్చుకోవడానికి పక్కనే ఇంకోటి దొరుకుతుంది. ఊహించి పార్టులు మార్చడం మానేసి పోల్చి చూడటం అలవాటు చేసుకుంటే సగం పని అయినట్టే.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి 20 మెగాహెర్ట్జ్, రెండు చానెళ్ల స్కోపులు. జర్మనీ కంపెనీ హామెగ్ డిజైన్ చేసిన హెచ్‌ఎం 203 తరహావి ల్యాబుల్లో బాగా కనిపిస్తాయి. నేను ముఖ్యంగా అలాంటివాటిని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. మీ దగ్గరున్నది ఏ మోడలైనా, మూత విప్పేముందే దాని సర్వీస్ మాన్యువల్ వెతికి పెట్టుకోండి. పాత మోడళ్ల మాన్యువళ్లు చాలావరకు సర్క్యూట్ బొమ్మలతో సహా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏ పాయింట్ దగ్గర ఎన్ని వోల్టులుండాలో అందులోనే రాసి ఉంటుంది.

ముందు ప్రాణం సంగతి

ఈ భాగం వదిలేసి కిందకి వెళ్లకండి. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్లని వదిలే కేథోడ్‌కి మైనస్ 2000 వోల్టుల దాకా ఇస్తారు. దీన్నే మన టీవీ మెకానిక్కులు ఈహెచ్‌టీ (ఎక్స్‌ట్రా హై టెన్షన్) అంటారు. 100 మెగాహెర్ట్జ్ స్కోపుల్లో, ఉదాహరణకి టెక్‌ట్రానిక్స్ 465లో, ట్యూబు పక్కన బిగించే యానోడ్ క్యాప్ దగ్గర 15 వేల వోల్టుల పైమాటే. స్విచ్ ఆపి ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. ఒకసారి డిస్‌చార్జి చేశాక కూడా కొన్ని నిమిషాల్లో మళ్లీ కొంత పోగవుతుంది.

ఇంకో మోసం ఉంది. ట్యూబు హీటర్ 6.3 వోల్టులే కదా అని మీటర్ పెట్టబోతారు. హీటర్ తీగల మధ్య తేడా 6.3 వోల్టులే, కానీ చాలా స్కోపుల్లో ఆ రెండు తీగలూ కలిసి కేథోడ్‌తో పాటు మైనస్ 2000 మీద తేలుతుంటాయి. ఆన్‌లో ఉండగా అక్కడ మామూలు మల్టీమీటర్ పెడితే మీటరే కాదు, మీరూ పోతారు.

డిస్‌చార్జి చేయడానికి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టకండి. 10 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు పది తీసుకుని వరసగా కలిపి టంకం వేయండి. ఆ దండని కరెంటు పనికి వాడే సన్నటి పీవీసీ పైపులో దూర్చి, ఒక చివర మేకులాంటి మొన, రెండో చివర క్రొకడైల్ క్లిప్ ఉన్న వైరు పెట్టండి. పది ఎందుకంటే, ఒక్కో రెసిస్టర్ తట్టుకునే వోల్టేజికి హద్దుంటుంది, 2000 వోల్టులు ఒక్కదాని మీద పడితే అది తట్టుకోలేదు. క్లిప్‌ని ముందు లోహపు చట్రానికి, అంటే ఛాసిస్‌కి తగిలించి, తర్వాతే మొనతో పాయింట్‌ని తాకాలి. ఈహెచ్‌టీ కెపాసిటర్లు చిన్నవి, క్షణంలో ఖాళీ అవుతాయి. సప్లైలోని పెద్ద కెపాసిటర్లకి మాత్రం టైం ఇవ్వాలి. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కి 100 కిలో ఓమ్ అంటే టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లు, ఖాళీ కావడానికి దానికి ఐదారు రెట్లు పడుతుంది కాబట్టి నిమిషం పాటు ఆనించి ఉంచండి. తర్వాత మీటర్‌తో సప్లై కెపాసిటర్ మీద వోల్టేజి చూసుకుని చెయ్యి పెట్టండి.

ఆన్‌లో కొలిచేటప్పుడు మీటర్ నల్ల తీగని క్లిప్‌తో ఛాసిస్‌కి తగిలించేయండి, ఎర్ర తీగని ఒక చేత్తో పట్టుకోండి, రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి. ఉంగరం, వాచీ తీసేయండి. కాళ్లకి రబ్బరు చెప్పులుండాలి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకి చెప్పి ఉంచండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తిరించకండి. పాత ఇళ్లలో త్రీపిన్ సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ ఉందో లేదో చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

ఎండబెట్టడం, తుడవడం

కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్లలో సముద్రపు గాలికి ఉప్పు పట్టి, ట్రాన్సిస్టర్ కాళ్లు, ఐసీ సాకెట్లు పచ్చగా చిలుమెక్కి ఉంటాయి. లోతట్టు ఊళ్లలో ఉప్పు లేకపోయినా ముసురు రోజుల్లో తేమ తక్కువేం కాదు. తేమ ఉండగా ఈహెచ్‌టీ ఇస్తే చిటపటమని నిప్పురవ్వలు రాలి, ఉన్న బాగు కూడా పోతుంది. మూత తీసి రెండు మూడు రోజులు గాలి ఆడేచోట ఉంచండి. వానాకాలమైతే పక్కన 60 వాట్ల పాత బల్బు వెలిగించి, ఆ వెచ్చదనం తగిలేలా పెట్టండి.

లోపల దుమ్ముతో పాటు సాలీడు గూళ్లు, బల్లి గుడ్లు, కొన్నిటిలో ఎలక కొరికిన తీగలు కనిపిస్తాయి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి. ట్యూబు మెడ దగ్గర జాగ్రత్త. లోపలంతా శూన్యం, మెడకి దెబ్బ తగిలితే గాజు పేలి మొహం మీదకొస్తుంది. తుడిచే ముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ కనెక్టర్ ఏ దిక్కుకి ఉండేదో తర్వాత మీకు చెప్పేది ఆ ఫొటోలే.

తుడుస్తున్నప్పుడే కళ్లు తెరిచి చూడండి. ఉబ్బిన కెపాసిటర్, నల్లబడ్డ రెసిస్టర్, బోర్డు మీద మాడిన మచ్చ, బరువైన పార్టుల కాళ్ల చుట్టూ సన్నటి వలయంలా పగిలిన టంకం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అప్పుడే మార్చేయకండి, అది తర్వాత పని. ఒక్కదానికి మాత్రం మినహాయింపు. మెయిన్స్ వచ్చే చోట పసుపుపచ్చ పారదర్శకపు పెట్టెలాంటి పేపర్ కెపాసిటర్ ఉండి, దాని ఒంటి మీద బీటలు కనిపిస్తే కరెంటు ఇవ్వకముందే తీసి, 275 వోల్టుల ఎక్స్2 రకం కెపాసిటర్ వేయండి. బీటల్లోంచి తేమ లోపలికి వెళ్లి, కరెంటు ఇచ్చిన కాసేపటికి అది పేలి ఇల్లంతా కంపు పొగ నింపుతుంది.

వెనక వైపు వోల్టేజి సెలెక్టర్ 220 లేదా 240 దగ్గరే ఉందా, ఫ్యూజు అక్కడ రాసిన రేటింగ్‌దేనా చూడండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంటే, ఇదివరకు ఎవరో తెగిన ఫ్యూజుని అలా కప్పిపుచ్చారని అర్థం. అలాంటి స్కోపుని ఇంకాస్త అనుమానంతో చూడాలి.

మొదటిసారి కరెంటు: సీరీస్ ల్యాంప్

నేరుగా ప్లగ్ పెట్టకండి. ఫేజు తీగకి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో వచ్చేలా ఒక బోర్డు కట్టుకోండి. న్యూట్రల్, ఎర్త్ నేరుగా వెళ్లాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు మామూలు షాపుల్లో తగ్గిపోయాయి గానీ కోళ్ల ఫారాలకి సామాన్లమ్మే చోట ఇంకా దొరుకుతాయి, కోడిపిల్లల్ని వెచ్చగా ఉంచడానికి వాళ్లు అవే వాడతారు.

ఆన్ చేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారిందంటే శుభం. కెపాసిటర్లు చార్జి అయ్యాయి, షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉందంటే లోపల షార్ట్ ఉంది. వెంటనే ఆపేసి, బ్రిడ్జి డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు చూడండి. బల్బు అసలు వెలగకపోతే ఫ్యూజు, స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైండింగ్ చూడాలి. బల్బు ఉన్నంతసేపు లోపలి వోల్టేజీలు కాస్త తక్కువే వస్తాయి, ఆ రీడింగులు నమ్మకండి. షార్ట్ లేదని తేలాక బల్బు తీసేసి కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ తరహా సప్లై) ఉన్న స్కోపైతే, మెయిన్స్‌తో నేరుగా సంబంధం లేకుండా చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ సప్లై భాగంలో కొలతలు పెట్టుకోవద్దు.

గీత లేదా? ముందు నాబ్‌లు చూడండి

పాడైందని పక్కన పెట్టిన స్కోపుల్లో కొన్నిటికి అసలు ఏ జబ్బూ ఉండదు. ల్యాబులో పిల్లలు నొక్కిన బటన్లు నొక్కినట్టే ఉండిపోయి ఉంటాయి. ఇంటెన్సిటీ (గీత వెలుగు) ముప్పావు వంతు పెట్టండి. రెండు పొజిషన్ నాబ్‌లూ, ఎక్స్ పొజిషన్ కూడా మధ్యకి తెండి. ట్రిగ్గర్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది) ఆటోలో ఉండాలి. నార్మల్‌లో ఉంటే సిగ్నల్ లేనప్పుడు గీత రాదు. ఎక్స్-వై బటన్, కాంపోనెంట్ టెస్టర్ బటన్ బయటికి ఉండాలి. ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి పెట్టి, టైమ్‌బేస్ (గీత అడ్డంగా సాగే వేగం) 1 మిల్లీసెకనుకి తిప్పండి. బీమ్ ఫైండ్ బటన్ ఉంటే నొక్కి చూడండి, కిరణం తెర దాటి ఎటు పోయిందో చెబుతుంది.

అప్పటికీ ఏమీ లేకపోతే గదిలో లైటు ఆర్పి, ట్యూబు మెడ వెనక్కి దూరం నుంచి చూడండి. నారింజ రంగులో చిన్న వెలుగు కనిపిస్తే హీటర్ బతికే ఉంది. ఈ వెలుగు కనిపించిందంటే నాకు సగం భయం తీరుతుంది. ఎందుకంటే మిగతావన్నీ ఎక్కడో ఒక చోట దొరుకుతాయి, ఈ ట్యూబు మాత్రం కొత్తది దొరకదు.

సప్లైలు: ఇక్కడ తొందరపడకండి

మా వైపు పాత రేడియో మెకానిక్కులు శిష్యులకి మొదట నేర్పే మాట ఒకటుంది: "ముందు కరెంటు సంగతి చూడు బాబూ, పాట సంగతి తర్వాత." స్కోపుకీ అదే. గీత వంకర, గీత లావు, గీత వణుకు, గీత మాయం, వీటన్నిటికీ మూలం సప్లైలోనే ఉండొచ్చు. సప్లై సరిగ్గా లేకుండా ఆంప్లిఫయర్‌లో వెతకడం వృథా శ్రమ.

మాన్యువల్ చూసి ఒక్కో సప్లైనీ కొలవండి. సాధారణంగా ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 12, పైన వంద దాటిన వోల్టేజి ఒకటో రెండో ఉంటాయి. రెగ్యులేటర్ నుంచి వచ్చేవి రెండు మూడు శాతానికి మించి తేడా ఉండకూడదు. అన్నీ తక్కువగా ఉన్నాయా, ఒక్కటేనా అన్నది ముఖ్యం. కొన్ని డిజైన్లలో ఒక సప్లైని ఆధారంగా చేసుకుని మిగతావి నిలబడతాయి, ఆ ఒక్కటి తప్పితే అన్నీ తప్పుతాయి. దాన్నే ముందు సరిచేయాలి.

ఒక సప్లై పూర్తిగా సున్నాకి పడిపోయి, రెగ్యులేటర్ కాలిపోతోందంటే ఆ లైన్ మీద ఏదో షార్ట్ అయింది. నూటికి తొంభై పాళ్లు అది చింతగింజలా ఉండే టాంటలం కెపాసిటరే. ఆపేసి, డిస్‌చార్జి చేసి, ఆ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్స్ చూడండి. తర్వాత ఒక్కో టాంటలం కాలు విప్పుతూ మళ్లీ కొలవండి. షార్ట్ పోయిన క్షణాన మీ చేతిలో ఉన్నదే దోషి. కొత్తది వేసేటప్పుడు లైన్ వోల్టేజికి రెట్టింపు రేటింగ్ ఉన్నది వేయండి. ప్లస్ కాలు ఎటో రెండుసార్లు చూసుకోండి, తిరగేసి పెడితే పేలుతుంది.

డీసీ సరిగ్గా ఉన్నా రిపుల్ (డీసీ మీద మిగిలిపోయిన ఏసీ అల) ఉండొచ్చు. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి సప్లై మీద చూస్తే తెలుస్తుంది. చవక మీటర్లు డీసీని కూడా కలిపి తప్పుడు లెక్క చూపిస్తాయి, అందుకని ఎర్ర తీగకి 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ సీరీస్‌లో పెట్టుకోండి. కానీ గీత ఎంతో కొంత కనిపిస్తున్న స్కోపుకి ఇంతకంటే మంచి దారి ఉంది. తన జబ్బు తనే చూపించగలదు. ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేసి, ట్రిగ్గర్ సోర్సుని లైన్‌కి మార్చి, టైమ్‌బేస్ 5 మిల్లీసెకన్లు పెట్టండి. గీత మీద అల కనిపించి కదలకుండా నిలబడిందంటే అది మెయిన్స్‌తో ముడిపడిందే. ఇప్పుడు తెర మీది గడులు లెక్కపెట్టండి. రెండు గడులకో అల వస్తే 100 హెర్ట్జ్. అంటే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. నాలుగు గడులకో అల వస్తే 50 హెర్ట్జ్. బ్రిడ్జిలో ఒక డయోడ్ ఓపెన్ అయి ఉండొచ్చు, లేదా ట్యూబు చుట్టూ అయస్కాంత ప్రభావాన్ని ఆపే మ్యూమెటల్ కవచం జరిగి ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కిరణాన్ని లాగుతుండొచ్చు.

మన జిల్లాల్లో సప్లై జబ్బులకి ఒక స్థానిక కారణం కూడా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫాన్లు లైన్లన్నీ కూల్చేశాయి. అలాంటి దెబ్బ తర్వాత కరెంటు వస్తూ పోతూ, వోల్టేజి పడిలేస్తూ ఉన్న రోజుల్లో ప్లగ్ పీకకుండా వదిలేసిన పరికరాల్లో ముందు దెబ్బతినేవి బ్రిడ్జి, రెగ్యులేటర్లే. స్కోపు చరిత్ర తెలిసినవాళ్లుంటే ఎప్పుడు ఆగిపోయిందో అడగండి, దిక్కు తెలుస్తుంది.

ఈహెచ్‌టీ: కొలవకుండానే తెలుసుకోవడం

మామూలు మల్టీమీటర్‌తో ఈహెచ్‌టీ కొలవకూడదు. 1000కి 1 చొప్పున తగ్గించే ఈహెచ్‌టీ ప్రోబ్ పాత టీవీ మెకానిక్కుల దగ్గర దొరుకుతుంది. కొలవాల్సే వస్తే అది తెచ్చుకోండి, లేదా ఆ మెకానిక్కునే పక్కన కూర్చోబెట్టుకోండి. పవర్ ఆపి, డిస్‌చార్జి చేసి, ప్రోబ్ తగిలించి, దూరం జరిగాకే ఆన్ చేయాలి.

చాలాసార్లు కొలిచే పనే ఉండదు. ఈహెచ్‌టీ తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గుతుంది, ప్లేట్లు వాటిని ఇంకా సులువుగా వంచేస్తాయి, బొమ్మ పెద్దదవుతుంది. స్కోపు ముందున్న, తెలిసిన కొలత సిగ్నల్ ఇచ్చే క్యాలిబ్రేషన్ పిన్ను నుంచి స్క్వేర్‌వేవ్ పెట్టండి. నిలువులో నాలుగు గడులు రావాల్సింది ఐదు వచ్చి, అడ్డంగా కూడా అదే పాళ్లలో సాగి ఉంటే తప్పు ఈహెచ్‌టీదే. నిలువు మాత్రమే తేడాగా ఉంటే అది వర్టికల్ ఆంప్లిఫయర్ సంగతి. అడ్డం మాత్రమే అయితే టైమ్‌బేస్, హారిజాంటల్ వైపు చూడండి. ఇంటెన్సిటీ పెంచుతుంటే బొమ్మ ఉబ్బుతూ మసకబారుతోందంటే ఈహెచ్‌టీ రెగ్యులేషన్ బలహీనపడింది.

ఫోకస్ నాబ్ పూర్తిగా ఒక చివరకి తిప్పితేనే గీత సన్నబడుతోందంటే, ఫోకస్ దారిలో వరసగా ఉండే పెద్ద విలువ రెసిస్టర్లని అనుమానించండి. మెగా ఓముల్లో ఉండే పాత కార్బన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచే కొద్దీ విలువ పెరిగిపోతాయి. డిస్‌చార్జి చేసి, ఒక కాలు విప్పి కొలవండి. మార్చేటప్పుడు ఓమ్స్ ఒక్కటే కాదు, తట్టుకునే వోల్టేజి కూడా చూడాలి. ఒక్కటి తట్టుకోలేదనిపిస్తే రెండు మూడు చిన్న విలువలవి సీరీస్‌లో వేయండి. టంకం గుండ్రంగా, ముళ్లు లేకుండా ఉండాలి. మొన ఉన్నచోటే ఈహెచ్‌టీ లీకవుతుంది.

వర్టికల్: జంటలని పోల్చండి

గీత తెర పైకో కిందకో పారిపోయి పొజిషన్ నాబ్‌కి లొంగకపోతే రెండు చానెళ్లూ విడివిడిగా చూడండి. రెండిట్లోనూ అదే తంతైతే తప్పు రెండు చానెళ్లూ కలిసాక వచ్చే చివరి ఆంప్లిఫయర్‌లో ఉంది. ఒక్క చానెలే అయితే మీ అదృష్టం, రెండోది పక్కనే నమూనాగా ఉంది.

మాన్యువల్‌లో ఆ చానెల్ బొమ్మ తీయండి. ట్రాన్సిస్టర్లు అద్దంలో ప్రతిబింబంలా ఎడమ ఒకటి, కుడి ఒకటి ఉంటాయి. గీత మధ్యలో ఉన్నప్పుడు ఆ జంట కలెక్టర్ల మీద వోల్టేజి దాదాపు ఒకటే ఉండాలి. చివరి స్టేజీ నుంచి మొదలుపెట్టి ఇన్‌పుట్ వైపు వెనక్కి నడవండి. ఎక్కడిదాకా తేడా ఉందో, ఎక్కడ ముందు జంట సమానంగా ఉందో, ఆ రెండిటి మధ్యే దోషం. అక్కడి ట్రాన్సిస్టర్లకి బేస్-ఎమిటర్ మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు ఉందా చూడండి. రెండు వోల్టులుంటే ఆ ట్రాన్సిస్టర్ పోయినట్టే, సున్నా ఉంటే దాన్ని అనుమానించాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరికి వచ్చిన ఒక స్కోపులో మొదటి చానెల్ ఇన్‌పుట్ గ్రౌండ్‌లో ఉంటే గీత చక్కగా మధ్యలో నిలబడేది. డీసీకి మార్చగానే, ఏ ప్రోబూ లేకుండానే, పైకి ఎగిరి మాయమయ్యేది. ఇన్‌పుట్ సాకెట్ నడిమి పిన్నుని చిన్న తీగతో బయటి రింగుకి కలిపితే మళ్లీ మధ్యకి వచ్చేసేది. ఈ మూడు గమనికలూ కలిపితే జబ్బు పేరు దొరికినట్టే. ఇన్‌పుట్‌లో గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్ ఉంటుంది. ఎక్కణ్ణుంచో ఒక్క మైక్రోఆంపియర్ లీకై దాని గుండా పారినా అక్కడ 1 వోల్టు పుడుతుంది, గీత పారిపోవడానికి అది చాలు. తీగతో షార్ట్ చేస్తే ఆ లీకేజీకి దారి దొరికి వోల్టేజి పుట్టదు. లీకయ్యేది ఇన్‌పుట్‌లో ఉండే ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్ గేటు, లేదా దాన్ని కాపాడే డయోడ్. డయోడ్ కాలు ఒకటి విప్పగానే గీత దిగివచ్చి మధ్యలో కూర్చుంది. ఆ డయోడ్ బదులు 1ఎన్4148 లాంటిది వేసినా పనిచేస్తుంది గానీ, దానికుండే కొద్దిపాటి లీకేజీ 5 మిల్లీవోల్టుల రేంజిలో కనిపించొచ్చు. తక్కువ లీకేజీ డయోడ్ దొరక్కపోతే బీసీ547 బేస్-కలెక్టర్ జంక్షన్‌ని డయోడ్‌గా వాడండి, ఎమిటర్ కాలు వదిలేయండి.

ఇన్‌పుట్ బాగుందో లేదో పవర్ లేకుండానే తెలుసుకునే పద్ధతి ఇంకోటి. డీసీ కప్లింగ్‌లో పెట్టి ఇన్‌పుట్ సాకెట్‌కి మల్టీమీటర్ ఓమ్స్ పెట్టండి. వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్‌ని ఒక్కో మెట్టూ తిప్పుతూ వెళితే ప్రతిచోటా 1 మెగా ఓమ్ దగ్గరే రావాలి. ఏ మెట్టు దగ్గర తేడా వస్తే అక్కడ సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ రెసిస్టర్ కాలింది, లేదా ఆ స్విచ్ కాంటాక్టుకి మురికి పట్టింది.

టైమ్‌బేస్

తెర మీద గీత బదులు చుక్క నిలబడిపోతే ఇంటెన్సిటీ వెంటనే తగ్గించండి, ఆ చుక్క పూతని కాల్చి శాశ్వతంగా మచ్చ పెడుతుంది. చుక్క వచ్చిందంటే ట్యూబు, ఈహెచ్‌టీ బాగున్నాయి, స్వీప్ (కిరణం అడ్డంగా పరిగెత్తడం) ఆగిపోయింది. కొన్ని టైమ్‌బేస్ మెట్ల దగ్గర మాత్రమే గీత పోతుంటే స్విచ్‌నీ, ఆ మెట్టుకి సంబంధించిన టైమింగ్ కెపాసిటర్‌నీ చూడండి. అన్ని మెట్ల దగ్గరా పోతే ట్రిగ్గర్ ఐసీ, దానికొచ్చే ప్లస్ 5 సప్లై, హోల్డాఫ్ (రెండు స్వీప్‌ల మధ్య విరామం) నాబ్, ఈ వరసలో వెళ్లండి.

స్విచ్‌లు, టంకం

నాబ్ కదిపితే గీత ఎగిరిపడటం, నొక్కితే వచ్చి వదిలితే పోవడం, ఇవన్నీ కాంటాక్టుల పని. ఆపేసిన స్కోపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొద్దిగా స్విచ్ లోపలికి మాత్రమే వెళ్లేలా కొట్టి, ఇరవై ముప్పై సార్లు నొక్కండి, తిప్పండి. తుప్పు వదలడానికి కొట్టే నూనె స్ప్రే వాడకండి, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. రాత్రంతా ఆరనిచ్చాకే పవర్.

డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని టంకం) వెతకడానికి ఆన్‌లో ఉన్నప్పుడు పొడుగాటి ఎండిన వెదురు పుల్లతో బోర్డు మీద మెల్లగా తట్టండి. ఈహెచ్‌టీ ఉన్న మూలకి మాత్రం వెళ్లొద్దు. గీత ఉలిక్కిపడిన చోట భూతద్దం పెట్టి చూసి, పాత టంకం సక్కర్‌తో లాగేసి, ఫ్లక్స్ రాసి కొత్తది వేయండి.

పార్టుల సంగతికొస్తే, మామూలు ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు విజయనగరం, శ్రీకాకుళం టీవీ రిపేరు షాపుల్లో అడిగితే దొరుకుతాయి. లేనివాటికి విశాఖ, లేదా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకోవచ్చు. చివరి స్టేజీ ట్రాన్సిస్టర్లకి పాత టీవీ బోర్డులే పెన్నిధి. బీఎఫ్422, బీఎఫ్423, బీఎఫ్459 లాంటివి వాటిలోనే ఉంటాయి. కాళ్ల వరస చూసుకోండి. బీసీ547కి నడిమి కాలు బేస్, బీఎఫ్422కి నడిమి కాలు కలెక్టర్. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 105 డిగ్రీలవి తీసుకోండి, వోల్టేజి పాతదానికి తగ్గకూడదు.

చివరి సర్దుబాట్లు

అరగంట వేడెక్కనిచ్చాకే ప్రీసెట్లని (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాట్లని) ముట్టుకోండి. తిప్పేముందు ప్రతిదాని ప్రస్తుత స్థానాన్ని మార్కర్‌తో గీసుకోండి. వరస ఇది: సప్లైలు, ఈహెచ్‌టీ, ఫోకస్, అస్టిగ్మాటిజం (చుక్క గుండ్రంగా రావడం), గీత వాలు, తర్వాత గెయిన్, చివర టైమ్‌బేస్. గీత ఒక పక్కకి వాలి ఉంటే కంగారు పడకండి. స్కోపుని ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి తిప్పినా భూమి అయస్కాంత క్షేత్రం వల్ల అలా వాలుతుంది. ముందున్న ట్రేస్ రొటేషన్ ప్రీసెట్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త తిప్పితే సరి.

ఇంట్లో ప్రమాణాలు ఎక్కణ్ణుంచి తేవాలి? నిలువుకి ఒక 9 వోల్టుల బ్యాటరీ, మంచి మల్టీమీటర్ చాలు. మీటర్‌లో 9.0 ఉంటే, 2 వోల్టుల మెట్టులో గీత నాలుగున్నర గడులు జరగాలి. టైముకి మన కరెంటే ప్రమాణం. దేశంలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్నది నియమం. ఈ తరహా స్కోపుల టైమ్‌బేస్ ఖచ్చితత్వం మూడు శాతం, దాంతో పోలిస్తే గ్రిడ్ చాలా నయం. 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని ఇన్‌పుట్‌కి ఇచ్చి, 5 మిల్లీసెకన్ల మెట్టులో ఒక అల సరిగ్గా నాలుగు గడులు పట్టేలా చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ప్లగ్ పాయింట్‌లో ప్రోబ్ ఎప్పుడూ పెట్టకండి. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లోపల ఎర్త్‌కి కలిసి ఉంటుంది, అది ఫేజుకి తగిలితే అక్కడికక్కడే మంట. ఎల్‌ఈడీ డ్రైవర్లు, చార్జర్లు రిపేరు చేసేవాళ్లు ఈ మాట గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ప్రోబ్‌ని క్యాలిబ్రేషన్ పిన్నుకి పెట్టి, స్క్వేర్‌వేవ్ తలలు చదునుగా వచ్చేదాకా ప్రోబ్ మీది ట్రిమ్మర్ తిప్పండి. రెండు చానెళ్లకీ అదే ప్రోబ్ మార్చి పెట్టి, రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయా చూడండి.

బాగైన స్కోపుని మళ్లీ మూల పెట్టేయకండి. వానాకాలంలో వారానికి ఒకసారైనా గంటసేపు ఆన్ చేసి ఉంచితే లోపలి తేమ పోతుంది, కెపాసిటర్లూ బతుకుతాయి. పైన ప్లాస్టిక్ కవర్ కప్పితే తేమ లోపలే నిలుస్తుంది, పాత నూలు దుప్పటి కప్పండి. ఆన్ చేసేముందు మాత్రం దుప్పటి పూర్తిగా తీసి, గాలి రంధ్రాలకి గోడ అడ్డం లేకుండా జానెడు దూరం జరపండి.